ఓడిన జతకు ఉలవలు

నరసరావుపేటలో నేను ఉంటున్న ఇంటి కింద ఒక కర్రీ పాయింటు ఉంది. ఆదివారం పొద్దున ఆరున్నరకు వాళ్లు పెద్ద డేగిసాలో ఉలవలు పొయ్యి మీదికి ఎక్కిస్తారు. ఏడు దాటేసరికి ఆ వాసన మెట్లెక్కి నా గదిలోకి వస్తుంది. తడిసిన మట్టి వాసన, కొంచెం వగరు, అడుగంటబోతున్న పప్పు వాసన, వాటన్నిటి వెనక ఎక్కడో గొడ్లచావిడి వాసన. గిన్నెలు పట్టుకుని వరసలో నిలబడే వాళ్లకు అది చారు వాసన. నాకు ఎద్దుల వాసన. మా ఇంట్లో ఉలవలు మనుషుల కోసం ఎప్పుడూ ఉడకలేదు. ఎద్దులకు గుగ్గిళ్లు పెట్టగా మిగిలిన కట్టులో మా అమ్మ చింతపండు పిసికి, పండుమిరపకాయ నలిపి, చారు కాచేది. నాకిప్పుడు డెబ్బై రెండేళ్లు. ఆ చారు నోట పెట్టక అరవై ఏళ్లయింది. పన్నెండో ఏట మానేశాను, లెక్క తప్పు లేదు.

మా ఊరు రెంటచింతలకు నాలుగు మైళ్లు. ఎండలంటే ఎట్లా ఉంటాయో ఆ పేరు విన్నవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. చైత్రమాసంలోనే పొద్దున తొమ్మిదికి వాకిట్లో కాలు పెట్టలేకపోయేవాళ్లం. కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా పరుచుకుని ఉండేవి, గాలి ఎటు తిరిగితే అటువైపు ఇళ్లలో తుమ్ములు మొదలయ్యేవి. పగలంతా తలుపులు మూసుకుని గచ్చకాయలు ఆడుకునేవాళ్లం. పొద్దుగూకాక మగవాళ్లు వాకిళ్లలో నీళ్లు చల్లి నులకమంచాలు వాల్చేవాళ్లు. చైత్ర పౌర్ణమికి మా ఊరి తిరునాళ్ల. ముందురోజు నుంచే బూరెల మూకుడు దిగేది కాదు. పులిహోర పళ్లేల్లో ఆరబోసి ఉండేది. జీళ్లు, ఖర్జూరాలు, చక్కెర చిలకలు, గోలీ తగిలించి కొడితే బుస్సుమనే రంగు సోడాలు, ఇవన్నీ మాకు ఏడాదికి రెండు రోజుల సరుకులు. రెండో రోజు ఉదయం ఊరి పడమటి చేలో బండలాగుడు పందెం.

పందెం ఎట్లా నడిచేదో చెప్పాలి. వంద అడుగుల బాట, అటు చివర ఇటు చివర ముగ్గుపిండితో గీత. ఎద్దుల జత మెడ మీద కాడి, కాడికి మోకు, మోకు చివర రాతిబండ. పదిహేను నిమిషాల్లో ఆ బండను అటూ ఇటూ ఎన్నిసార్లు లాగితే అంత. మా బడి మాస్టారు చేతి గడియారం చూసేవారు. బండ గీత దాటినప్పుడల్లా ఒక చింతగింజ వరసలో పెట్టే పని నాది. అయిదో తరగతిలో లెక్కల్లో తప్పు పోని దాన్ని నేనొక్కదాన్నే అని మాస్టారు నాకు ఆ పని ఇచ్చారు. పక్కన ఆయన పుస్తకంలో గీతలు కూడా గీసుకునేవారనుకోండి. అయినా ఆ గింజలు పట్టుకుని గీత పక్కన గొంతుక్కూర్చున్నప్పుడు నా అంతటి పెత్తనం ఊళ్లో ఇంకెవరికీ లేదనిపించేది.

ఆ పందెంలో ఏడేళ్లుగా గెలుస్తున్నది కోటయ్య గారు. మా ఊళ్లో పెద్ద కమతం ఆయనది. ఎనిమిది ఎద్దులు, అందులో ఒక జత పందేనికే. ఒక అచ్చులో పోసినట్టుండేవి, ఒకే ఎత్తు, ఒకే తెలుపు, కొమ్ములకు ఇత్తడి కుప్పెలు, గంగడోళ్లు నేలకు వేలాడుతూ. ఆ జత వచ్చిందంటే మిగతా వాళ్లు ఏదో తిరునాళ్ల ముచ్చటకు లాగేవాళ్లే తప్ప గెలుపు మాట ఎత్తేవాళ్లు కాదు.

మా నాయన శేషయ్యకు నాలుగెకరాల చేను, ఒక జత. జత అనడం కూడా మర్యాదకే. తెల్లోడు మా ఇంట్లో పుట్టిన గిత్త, మంచి ఎత్తరి. దాని జోడు పాము కరిచి చచ్చిపోతే, మాచర్ల సంతలో దొరికిందని పుల్లోణ్ని తెచ్చాడు. పేరుకు తగ్గట్టే పుల్ల రంగు, ఎరుపు కలిసిన గోధుమ. తెల్లోడి కంటే జానెడు పొట్టి. రెంటినీ కాడికి కడితే కాడి ఒక పక్కకు వంగి ఉండేది, చూసినవాళ్లు నవ్వేవాళ్లు. అందుకని మా నాయన ఒక కిటుకు పట్టాడు. మోకును కాడి నడిమధ్యన కట్టకుండా నాలుగు వేళ్లు తెల్లోడి వైపుకు జరిపి కట్టేవాడు. బరువులో పెద్ద వాటా పెద్దదాని మెడ మీద పడుతుంది, చిన్నది తన సత్తువ మేరకు లాగుతుంది, రెండూ ఒకే అడుగు వేస్తాయి. నాగలికి అంతే, బండికి అంతే. ఆ నాలుగు వేళ్లను నేను నా చేత్తో కొలిచి చూశాను, నా వేళ్లకు అయిదున్నర.

నాకు పదకొండేళ్లప్పుడు మా పక్కింటి నరసయ్య మామ ఈ జతను పందేనికి ఎక్కించాలని పట్టుబట్టాడు. మామ అంటే వరసకే, చుట్టరికం లేదు. ఎప్పుడూ మా అరుగు మీదే ఉండేవాడు.

"ఏం శేషయ్యా, ఈ ఏడు కూడా కోటయ్య గారి ఎద్దులకే దణ్ణం పెట్టి ఇంటికి రావటమేనా? నీ గిత్తల్ని తోలు."

"ఎవురన్నా నవ్వుతారు బావా. ఒకటి ఏనుగు, ఒకటి మేక."

"నవ్వితే నవ్వనీ. నవ్వేదానికే గదా తిరునాళ్ల!"

మా నాయన నవ్వులకే తోలాడు. మొదట్లో నవ్వారు కూడా. కాడి వంకర చూసి ఈలలు వేశారు. తొమ్మిది గింజలదాకా అదే వరస. పదో దాటుకు తిరిగేటప్పుడు పుల్లోడి ముందుకాలు జారింది. మోకాలి మీద కూలబడి, మూతి మట్టిలో ఆని, బుస కొట్టి మళ్లీ లేచింది. లేవడమేంది, తెల్లోడి కంటే ముందు అడుగు వేసింది. అప్పటిదాకా నవ్విన జనం అప్పుడు లేచి నిలబడ్డారు. గోడల మీద ఉన్నవాళ్లు కిందికి దూకారు. ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. "పుల్లోడా, హయ్, పుల్లోడా!" అని ఊరు ఊరంతా ఒక్క గొంతుతో అరిచిన అరుపు నా వీపు మీద కొట్టినట్టయింది. ఎద్దు పడ్డప్పుడు మొదలయిన ప్రేమ అది. ఆ సంగతి ఆ రోజు నాకు తట్టలేదు. చానా ఏళ్లు తట్టలేదు.

కోటయ్య గారి జత ఇరవై రెండు దాట్లు, పైన నలభై అడుగులు. రెండువేల రెండువందల నలభై. మా జత ఇరవై ఒకటి, పైన ఎనభై అయిదు. రెండువేల నూట ఎనభై అయిదు. తేడా యాభై అయిదు అడుగులు. ఓడిపోయాం. అయితే ఓడినవాళ్ల ఇంటిముందు అంత మందిని నేను ఎన్నడూ చూడలేదు. నరసయ్య మామ పుల్లోడి మూతి తన పైగుడ్డతో తుడిచి, "వీడు ఎద్దు గాదురా, మన ఊరి పరువు" అన్నాడు. ఎవరో పసుపు నీళ్లు తెచ్చి కాళ్లు కడిగారు. ఎవరో బెల్లం ముద్ద పెట్టారు. మర్నాటి నుంచి ఉలవలు రావడం మొదలయింది. చేటలో, తువాల్లో, సోలెడు, తవ్వెడు, మానికెడు. "పుల్లోడికి పెట్టమ్మా, వచ్చే ఏడు కోటయ్య గారి పని పట్టాల" అని ఇచ్చిపోయేవాళ్లు. ఇరవై ఆరు ఇళ్ల నుంచి వచ్చాయి. గోడ మీద బొగ్గుతో గీతలు పెట్టుకున్నాను.

ఆ ఏడాది మాకొక వైభోగం. టీ బంకు దగ్గర మా నాయనకు బల్ల మీద చోటు ఇచ్చేవాళ్లు. రెంటచింతల నుంచి గుడ్డలు అమ్ముకోడానికి వచ్చే మరియమ్మ కూడా పుల్లోణ్ని చూసి, చేత్తో సిలువ గుర్తు వేసి మరీ పోయేది. కథ చెప్పుకున్నప్పుడల్లా ఆ యాభై అయిదు అడుగులు తరిగిపోయేవి. వానాకాలానికి ముప్పై అయినయి, పత్తి తీసేనాటికి పది, మిరప కోతల నాటికి "జానెడులో తప్పిపోయింది గానీ" అనేవాళ్లు. నేను ఊరుకునే దాన్ని కాదు. "యాభై అయిదు అడుగులు" అనేదాన్ని. "ఏమే, గమ్మునుండవే, నువ్వూ నీ లెక్కలూ" అని నరసయ్య మామ నెత్తి మీద మొట్టేవాడు. ఇంకొక మాట కూడా అప్పుడు అందరూ చెప్పుకునేవాళ్లు. మా నాయన మోకు జరిపి కట్టే కిటుకు గురించి. "ఎంత బుర్రయ్యా శేషయ్యది! లేనోడికి బుర్రే ఎద్దు" అనేవాళ్లు. చూడడానికి పొరుగూరి నుంచి ఇద్దరు రైతులు వచ్చారు. దాచిందేమీ లేదు, మా నాయనే వాకిట్లో కాడి పెట్టి, వేళ్లు ఆనించి చూపించాడు.

మరుసటి చైత్ర పౌర్ణమి. నాకు పన్నెండు.

ఆ రోజు మేం బాట మీదికి రాగానే పుట్టిన గోల ఇప్పటికీ చెప్పలేను. పక్క ఊళ్ల నుంచి కూడా వచ్చారు, పుల్లోణ్ని చూడడానికి. కోటయ్య గారి జత ముందు లాగింది. ఇరవై రెండు దాట్లు, పైన ముప్పై అడుగులు. నిరుటి కంటే పది అడుగులు తక్కువ. తర్వాత మేం. ఏడాదిపాటు ఇరవై ఆరు ఇళ్ల ఉలవలు తిన్న ఎద్దులు. ఆ రోజు పుల్లోడు ఒక్కసారి కూడా జారలేదు. మోకాలు మడవలేదు. తెల్లోడి పక్కన తెల్లోడిలాగే నడిచింది. గింజలు పేర్చడంలో ఉండి నేను తల ఎత్తలేదు, చెవులతోనే తెలిసింది నాకు. ఎనిమిది గింజల దాకా గోల, పన్నెండుకు కొంచెం తగ్గింది, పదిహేనయ్యేసరికి మా నాయన అదిలింపు, గిట్టల చప్పుడు విడివిడిగా వినపడుతున్నాయి. భయంతో ఊపిరి బిగబట్టారనుకున్నాను. ఇరవై రెండు దాటి ఇంకా పోతోంది బండ. మాస్టారు చెయ్యి ఎత్తారు. తాడు పెట్టి కొలిచారు. అరవై రెండు అడుగులు. ముప్పై రెండు అడుగుల తేడాతో గెలిచాం.

చప్పట్లు పడ్డాయి. పడలేదనను. కానీ తొందరగా ఆగిపోయాయి.

అప్పుడు కోటయ్య గారు లేచారు. ఆయనకు అరవై దాటాయి. తన ఎద్దుల దగ్గరికి పోయి, ఒకదాని మెడ మీద మొహం ఆనించి నిలబడ్డారు. అంతే. ఆ వీపు చూసి జనంలో ఒక ఆడమనిషి "అయ్యో, పెద్దాయన" అంది. ఇంకో గొంతు "ఏడేళ్లు గెలిచినోడు, పాపం" అంది. పాపం అనే మాట అంతవరకూ మా సొత్తు. అది నా కళ్లముందే మా దగ్గర లేచి అటు వెళ్లిపోయింది.

నరసయ్య మామ కాడి దగ్గరికి వచ్చాడు. "అయ్యా, పెద్దలు ఒకసారి ఇది చూడండి. మోకు నడిమధ్యన కట్టలేదు."

మా నాయనకు మొదట అర్థం కాలేదు. "నిరుడు కూడా అట్టనే గదా కట్టింది. నువ్వు చూసినోడివే గదా బావా?"

"నిరుటి సంగతి వేరు."

"ఏం వేరు?"

"నిరుడు ఓడావు గదా."

ఎవరూ నవ్వలేదు. నరసయ్య మామ మొహంలో కుళ్లు గానీ కపటం గానీ లేదు. న్యాయమైన మాట అన్నాననే ఉంది. పందెం పెద్దలు అయిదుగురూ కాడి చుట్టూ చేరారు. అప్పటికే మా నాయన మోకు ఊడదీసి ఉండడంతో ఎంత జరిపి కట్టాడో తెలియడం లేదు. ఒకరు నాలుగు వేళ్లన్నారు, ఒకరు జానెడు అన్నారు, వెనక నుంచి ఎవరో మూరెడు అని అరిచారు. మా నాయన ఏదో చెప్పబోతే, "నీ మాట కాదులే" అన్నారు. నా వైపు తిరిగారు. "ఆ పిల్ల అబద్ధం చెప్పదు. ఏమే, నీకు తెలుసా?"

నేను లేచి నిలబడ్డాను. ఊరంతా నా లెక్క కోసం చూస్తున్నది. "మా నాయన వేళ్లయితే నాలుగు" అన్నాను. "నా వేళ్లయితే అయిదున్నర."

కొంతమంది నవ్వారు. పెద్దలు తలలు ఊపారు. చేసింది ఎంతో తేలింది కాబట్టి ఇక చేసింది తప్పేనని తేలిపోయింది. నేను తెలియదు అని ఉంటే? వంచిన తల ఎత్తకుండా గింజలు ఏరుకుంటూ ఉంటే? ఈ ప్రశ్న ఎన్నిసార్లు వేసుకున్నానో, అది ఒక్కటే నేను లెక్కపెట్టుకోలేదు.

పెద్దలు తీర్పు చెప్పారు. పూర్తి పందెం మళ్లీ వద్దు. మోకు మధ్యలో కట్టి అయిదు నిమిషాలు లాగాలి. ఏడు దాట్లు వస్తే గెలుపు మా నాయనదే. పదిహేను నిమిషాలకు ఇరవై రెండు అయినప్పుడు అయిదు నిమిషాలకు ఏడు. లెక్క న్యాయంగానే ఉంది. నేను కూడా మనసులో భాగించి, సరిగ్గానే ఉందనుకున్నాను.

మా అమ్మ ఆడవాళ్ల మధ్య నుంచి బాట మీదికి వచ్చేసింది. అట్లా రావడం మా ఊళ్లో లేదు. "వద్దయ్యా. పన్నెండు గంటల ఎండ. అలిసిపోయినయ్ అయ్యి. ఓడినానని చెప్పి తోలుకురా."

"తొండి ఆడినానంటన్నారే."

"అననీయ్. నోరేగా."

"ఏడాది నా ఎద్దుకు ఉలవలు పెట్టినోళ్లు అంటన్నారే" అన్నాడు మా నాయన. మోకు తీసుకుని కాడి నడిమధ్యన కట్టాడు. వేళ్లతో కాదు, తాడుతో కొలిచి, పెద్దలకు చూపించి మరీ కట్టాడు.

మొదటి రెండు దాట్లు జత బాగానే నడిచింది. మూడోదానికి కాడి పుల్లోడి వైపు వెనక్కి పోవడం మొదలయింది. తెల్లోడు తన బలంతో తను పోతున్నది, సగం బరువు చిన్నదాని మెడ మీద పడి, అది ఈడ్చుకుపోతున్నది. నోట్లోంచి నురగ తీగలు తీగలుగా కారుతున్నది. మా నాయన చర్నాకోల పక్కన పారేసి, దాని మూపురం మీద చెయ్యి వేసి, దాంతో పాటు పరుగెత్తుతున్నాడు. అయిదు. ఆరు. ఆరో గింజ పెట్టాను. ఏడోది నా చేతిలో ఉంది. తిరిగేటప్పుడు వెనకకాళ్లు రెండూ రెండు వైపులకు విడిపోయాయి. తుంటి దగ్గర ఎండుకట్టె విరిగినట్టు ఒక చప్పుడు. పుల్లోడు కూలబడింది. ఈసారి లేవలేదు.

ఊరంతా "అయ్యో" అంది. నిరుటి గొంతే, అదే ఒక్క గొంతు. బిందెలతో నీళ్లు పట్టుకుని పరుగెత్తుకొచ్చారు. గొడుగులు పట్టారు. ఆడవాళ్లు ఏడ్చారు. నరసయ్య మామ దాని తల ఒళ్లో పెట్టుకుని, "నా తండ్రే, పుల్లోడా" అని గుండెలు బాదుకుని ఏడ్చాడు. నటన కాదు. ఆ మనిషి నిజంగానే ఏడ్చాడు. నటన అయితే నాకు ఇంత కాలం పట్టేది కాదు మర్చిపోవడానికి.

పుల్లోడు మూడో రోజు పొద్దున పోయింది. ఆ మూడు రోజులూ మా ఇంటికి ఉలవలు వచ్చాయి. నిరుటిలాగే చేటల్లో, తువాళ్లలో. గోడ మీద పాత గీతల పక్కన కొత్త గీతలు పెట్టాను. ముప్పై ఒక్క ఇళ్లు. నిరుటి కంటే అయిదు ఎక్కువ. చివరి చేట నరసయ్య మామ భార్య తెచ్చింది, ఎద్దును పూడ్చి వచ్చాక.

"ఏం చేసుకోమంటావు వదినా ఇయ్యి?" అంది మా అమ్మ.

"ఉంచు వదినా. మా మనసు ఊరుకోక తెచ్చా."

"మీ మనసు ఊరుకోటానికి మా ఇంట్లో పోస్తే ఎట్టా?"

ఆమె చేట అక్కడే పెట్టి వెళ్లిపోయింది. మా అమ్మ ఆ ఉలవల్ని పొయ్యి మీద పెట్టలేదు. అన్నీ ఒక్కచోటికి చేర్చి పెరటి గోడవారన పోసింది. తొలకరికి మొలకెత్తాయి. మేకలు తిని పోయాయి.

విత్తనాలప్పుడు మా ఇంట్లో ఒక ఎద్దే ఉంది. మా పక్కల ఒంటెద్దు రైతులు ఇద్దరు కలిసి, నీది నాది జతకట్టి, రెండు చేలూ వంతులవారీగా దున్నుకునే పద్ధతి ఉండేది. మా నాయన పోయి అడిగాడు. ముప్పై ఒక్క ఇళ్లలో పదకొండు ఇళ్లకు ఒంటెద్దో, ఖాళీగా ఉన్న ఎద్దో ఉంది. ఒకరి ఎద్దుకు మెడ పుండు, ఒకరు అప్పటికే మాట ఇచ్చారు, ఒకరు రేపు చూద్దామన్నారు. చివరికి ఎద్దును పంపింది కోటయ్య గారు. మూడు రోజులు ఉంచుకోమని పాలేరు చేత పంపారు. ఆయన్ను మంచివాడని చెప్పడానికి ఇది రాయడం లేదు. మా నాయన చేత మళ్లీ లాగిస్తున్నప్పుడు ఆయన కూడా అక్కడే ఉన్నారు, వద్దనలేదు. కానీ ఆయనకు మామీద జాలి లేదు, కాబట్టి ఎద్దు పంపగలిగారు. జాలిపడ్డవాళ్లు అప్పటికే తమ వంతు ఇచ్చేశాం అనుకున్నారు.

మా నాయన ఇంకెప్పుడూ పందేనికి పోలేదు. మరుసటి ఏడు కోటయ్య గారే గెలిచారట. నేను గింజలు పెట్టడానికి వెళ్లలేదు కాబట్టి ఎంత తేడానో నాకు తెలియదు.

ఇరవై ఆరేళ్లప్పుడు, సత్తెనపల్లి దగ్గర ఒక బడిలో లెక్కలు చెబుతున్న రోజుల్లో, ఎండాకాలం సెలవులకు ఇంటికి వెళ్లాను. నరసయ్య మామ మంచంలో ఉన్నాడు. కాళ్లు వాచి, చూపు మందగించి. పలకరించడానికి వెళ్లి అడిగేశాను. పద్నాలుగేళ్లు దాచుకున్న ప్రశ్న.

"మామా, ఆ రోజు మా కాడి ఎందుకు చూపించావు?"

గుర్తు లేదంటాడనుకున్నాను. గోడవైపు తిరిగి చెప్పాడు.

"కోటయ్య గారు గెలిస్తే నాకేం అనిపించేది కాదే అమ్మాయ్. ఆయన గెలుస్తాడు, అంతే. మీ నాయన ఓడితే కడుపు తరుక్కుపోయింది. మా బోటోడు గదా, మా మాదిరే ఓడాడనిపించింది. గెలిచాడు చూడు, అప్పుడు..." ఆగాడు. "నాకూ నాలుగెకరాలే. నాకూ రెండు ఎద్దులే. నాకు లేనిది మీ నాయనకేముందని? తొండి అయినా ఉండాల గదా."

నేను లేచి వచ్చేశాను. కోపం వస్తుందేమోనని చూశాను, రాలేదు. ఆయన చెప్పింది కూడా ఒక లెక్కే. సరిపోయే లెక్క.

గచ్చకాయల ఆటలో మేమూ అంతే. మా జట్టులో అందరికంటే చిన్నపిల్ల ఒకతి ఉండేది, కాయలు చేతికి అందేవి కావు. అది ఆడుతుంటే అందరం దాని వైపే. కింద పడ్డ కాయను కూడా పడలేదనేవాళ్లం. ఒకరోజు వరసగా మూడు ఆటలు గెలిచింది. "తొండి, తొండి" అని మొదట అన్నది నేనే. అది ఏడుస్తూ ఇంటికి పోతే, వెనకే పోయి బుజ్జగించి తీసుకొచ్చిందీ నేనే.

ఈ మధ్య పేపర్లలో, ఫోన్లలో ఇట్లాంటివి మనస్తత్వం పేరుతో రాస్తున్నారు. జనం బలహీనుడి పక్షం ఎందుకు ఉంటారు అని. వాడిలో మనల్ని చూసుకుంటాం కాబట్టి అని, న్యాయం మీద మక్కువ కొద్దీ అని, వాడు ఓడితే మనకు పోయేదేం లేదు కాబట్టి అని. అన్నీ నిజమే అయుండొచ్చు. ఒకటి మాత్రం రాయరు. ఆ ప్రేమకు ఒక కొలత ఉంది. కిందపడ్డవాడు లేచేంత వరకే అది సరిపోతుంది. నిలబడితే చాలదు.

ఇప్పుడు మా ఊళ్లో నాగలి కట్టే ఎద్దు ఒక్కటి లేదు. గొడ్లచావిళ్లు ట్రాక్టర్ షెడ్లయ్యాయి. ఒంటెద్దు రైతులు జతకట్టుకునే పద్ధతి చెప్తే మా తమ్ముడి మనవలు నమ్మరు. జీళ్లు, చక్కెర చిలకలు పోయాయి. కోటయ్య గారి ఇల్లు అమ్ముడుపోయి ఫంక్షన్ హాలు అయింది. నరసయ్య మామ వాళ్లది కూలిపోయింది. బొగ్గు గీతలున్న మా గోడ కొట్టేసి చాలా కాలమయింది. పందేలు మాత్రం పోలేదు, పెరిగాయి. పందేనికే పుట్టించి, పందేనికే పెంచే ఎద్దులు, వాటికి ఫ్యాన్లు, పాలు, బాదంపప్పులు.

నిరుడు మా తమ్ముడి కోడలు సుజాత బలవంతం మీద రొంపిచెర్ల దగ్గర ఒక పందేనికి వెళ్లాను. కుర్చీలు, మైకులు, పెద్ద తెర మీద అడుగులు అంకెల్లో పడుతున్నాయి. మధ్యాహ్నం ఒక జత వచ్చింది. మిగతా వాటి పక్కన నీరసంగా ఉంది. మైకులో, "కూలి పని చేసుకుంటూ పెంచుకున్న జత అండీ, మొదటిసారి వస్తున్నాడు, ప్రోత్సహించాలి" అన్నారు. అంతే, వేలమంది లేచారు. ఫోన్లు పైకి లేచాయి.

"పెద్దమ్మా, లేవండి, చప్పట్లు కొట్టండి" అంది సుజాత. "పాపం చిన్న జత. వాళ్లు గెలవాలి పెద్దమ్మా."

నేను లేవలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని, జీవితంలో ఎవరి కోసమూ కోరుకోనంత గట్టిగా కోరుకున్నాను. ఓడిపో నాయనా. ఓడిపోయి నీ ఎద్దుల్ని ఇంటికి తోలుకుపో.

తెర మీద అంకె ఆగింది. పంతొమ్మిది అడుగులు తక్కువ. నాకు ఊపిరి ఆడింది. జనం తాళ్లు దాటుకుని బాట మీదికి దూకారు, ఆ మనిషిని భుజాల మీదికి ఎత్తుకున్నారు. బక్కపలచటి మనిషి, ముప్పై అయిదేళ్లుంటాయి. ఏడుస్తూ నవ్వుతూ నాలుగు వైపులకూ దణ్ణాలు పెడుతున్నాడు. వచ్చే ఏడు రావాలి, గెలవాలి అని అరుస్తున్నారు. వస్తానని తల ఊపాడు.